ఉప్పుకు మూలలెందుకు?

వైశాఖం ఎండ ముదిరే రోజుల్లో శ్రీకాకుళం జిల్లా నౌపడ తీరాన ఉప్పు మడులు పొద్దున ఒక రంగులో, మధ్యాహ్నం ఇంకో రంగులో కనిపిస్తాయి. సముద్రపు నీటిని కాలువల్లో తెచ్చి, ఒక మడిలోంచి మరో మడిలోకి మళ్ళిస్తూ ఎండబెడతారు. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. ఎండ, గాలి కలిసి నీటిని ఎగరేసుకుపోతుంటే మిగిలింది రోజురోజుకీ చిక్కబడుతుంది. ముందు సున్నపు పదార్థం అడుగున పేరుకుంటుంది, ఆ తర్వాత జిప్సం. ఉప్పు మాత్రం తొందరపడదు. నీరు ఇంచుమించు పదో వంతుకు తగ్గేదాకా అది కంటికి కనపడదు. తర్వాత ఒక మధ్యాహ్నం, గాలి ఆగిన వేళ, నీటి మీద తెల్లటి నలకలు తేలుతాయి.

ఆ నలకను వేలికొనతో మెల్లగా ఎత్తి భూతద్దం కింద చూస్తే నోట మాట రాదు. దానికి నాలుగు అంచులు. నాలుగూ గీత గీసినంత నిటారు. మధ్యలో గుంట, గుంటలోకి నాలుగు వైపుల నుంచీ మెట్లు. అచ్చంగా గుడి ముందరి కోనేరు! నీటి మీద తేలుతున్న ఉప్పుపలుకు కొద్దికొద్దిగా బరువెక్కి లోపలికి దిగుతుంటే, కొత్త ఉప్పు దాని అంచుల వెంట చేరుతుంది. అంచులకు చిక్కటి ఉప్పునీరు తేలిగ్గా అందుతుంది, నడిమి భాగానికి అంత అందదు. అందుకే అంచులు ముందు పెరిగి, నడుమ గుంటై మిగిలిపోతుంది. ఇంకాస్త బరువెక్కితే మునిగిపోయి మడి అడుగున పెరుగుతుంది. ఆ పేరుకున్నదాన్ని పొడుగాటి కర్రకు బిగించిన చెక్కపలకతో దగ్గరకు లాగి గట్టున కుప్ప పోస్తారు.

నీటికి మూలలు లేవు. గాలికి లేవు. మడిలో నీరు తన ఇష్టం వచ్చినట్టు అలలు పోతుంది. ఎవరూ ఉలి పట్టలేదు, అచ్చు పోయలేదు. మరి ఈ 90 డిగ్రీల మూల ఎక్కడి నుంచి వచ్చింది?

సమాధానం కోసం నౌపడ దాకా వెళ్ళక్కర్లేదు. వంటింటి ఉప్పు డబ్బా చాలు. కోస్తాలో కల్లుప్పు అంటారు, తెలంగాణలో దొడ్డుప్పు అంటారు. అందులోంచి మెరిసే గల్లు ఒకటి ఏరి, చాకు అంచును దాని పక్కకు సమాంతరంగా ఆనించి టక్కున కొట్టండి. పెద్దవాళ్ళను దగ్గర పెట్టుకునే చేయండి. విరిగిన ముక్కకు మళ్ళీ చదునైన ముఖాలే, మళ్ళీ నిటారు మూలలే. ఆ ముక్కను విరిస్తే దాని పిల్ల ముక్కలకూ అవే. మెత్తని ఉప్పును భూతద్దం కింద పరిచినా పలుకు పలుకూ చిన్న ఘనంలాగే కనిపిస్తుంది, మూలలు కాస్త అరిగి ఉంటాయంతే. గాజును పగలగొడితే ఇలా పగలదు. పెంకు ఒక్కోటి ఒక్కో వంపు తిరుగుతుంది. ఉప్పు ఎంత చిన్నదైనా తన ఆకారాన్ని మరచిపోదు.

ఈ గుణాన్ని గమనించినవాళ్ళు కొత్తవాళ్ళేం కాదు. 1665లో ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ హుక్, సూక్ష్మదర్శినిలో చూసినవాటి గురించి రాసిన పుస్తకంలో, ఉప్పు లాంటి పదార్థాల ఆకారాలన్నీ చిన్న చిన్న గుండ్లను పక్కపక్కన, ఒకదానిపై ఒకటి పేరిస్తే వచ్చేవేనని బొమ్మలు గీసి చూపించాడు. ఆ గుండ్లేమిటో ఆయనకు తెలియదు, చూసే సాధనమూ లేదు. పరమాణువుల గురించి డాల్టన్ పుస్తకం రావడానికి ఇంకా 143 ఏళ్ళుంది. కేవలం బయటి ఆకారాన్ని చూసి లోపలి అమరికను ఊహించాడు. నా లెక్కలో మానవుల గొప్ప ఊహల్లో అదొకటి.

ఇప్పుడు ఆ గుండ్ల దగ్గరకు వెళ్దాం.

ఉప్పులో రెండు మూలకాలున్నాయి. ఒకటి సోడియం. 1807లో లండన్‌లో హంఫ్రీ డేవీ కరిగించిన కాస్టిక్ సోడాలోకి విద్యుత్తు పంపి దాన్ని మొదటిసారి విడదీశాడు. వెండిలా మెరిసే లోహం, చాకుతో కోస్తే వెన్నలా తెగుతుంది. నీళ్ళలో వేస్తే మాత్రం బుసకొడుతూ పరుగులు తీస్తుంది, ముక్క పెద్దదైతే పేలుతుంది. అందుకే ప్రయోగశాలలో కిరోసిన్‌లో ముంచి దాస్తారు. రెండోది క్లోరిన్. 1774లో స్వీడన్‌లో షీలే తయారుచేశాడు, అది మూలకమని 1810లో తేల్చిందీ డేవీయే. ఆకుపచ్చ కలిసిన పసుపు రంగు వాయువు. కుళాయి నీళ్ళలో, బ్లీచింగ్ పౌడరులో ఘాటుగా తగిలేది దాని వాసనే. ఎక్కువైతే ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర సైనికుల మీదకు వదిలింది ఈ వాయువునే.

నీళ్ళలో పేలే లోహం, ఊపిరి తీసే వాయువు. ఆ రెండూ కలిస్తే పప్పులో వేసుకునే ఉప్పు! ఈ మార్పు ఎలా జరిగిందో తెలియాలంటే ఒక్క ఎలక్ట్రాన్ కథ తెలిస్తే చాలు.

సోడియం పరమాణువులో 11 ఎలక్ట్రాన్లుంటాయి. కేంద్రకం చుట్టూ లోపలి కక్ష్యలో 2, తర్వాతి దాంట్లో 8, అన్నిటికన్నా బయట ఒంటరిగా 1. క్లోరిన్‌లో 17 ఉంటాయి. లోపల 2, తర్వాత 8, బయట 7. బయటి కక్ష్యలో 8 ఉంటే పరమాణువు నిలకడగా ఉంటుంది. సోడియంలో ఆ ఒంటరి ఎలక్ట్రాన్ మీద కేంద్రకం పట్టు తక్కువ. క్లోరిన్‌కు సరిగ్గా ఒక్కటే కొరత. రెండూ కలుసుకున్నప్పుడు ఎలక్ట్రాన్ ఇటు నుంచి అటు వెళ్తుంది. పోగొట్టుకున్న సోడియం ధనావేశం గల అయాన్ అవుతుంది, పుచ్చుకున్న క్లోరిన్ రుణావేశం గల క్లోరైడ్ అయాన్ అవుతుంది. రెండూ శాంతిస్తాయి. సోడియం పేలుడు గుణమంతా ఆ ఒక్క ఎలక్ట్రాన్‌దే. అది చేతులు మారాక పేలడానికి ఏమీ మిగలదు.

ధనం, రుణం ఆకర్షించుకుంటాయి. సోడియం అయాన్ తన చుట్టూ వీలైనన్ని క్లోరైడ్ అయాన్లను చేర్చుకోవాలని చూస్తుంది, క్లోరైడూ అంతే. ఇద్దరి పరిమాణాలను బట్టి ఒక్కొక్కరి చుట్టూ ఆరుగురికి చోటు కుదురుతుంది: ముందొకటి, వెనకొకటి, కుడి, ఎడమ, పైన, కింద. ఈ ఆరు దిక్కులనూ చేత్తో గాలిలో చూపించి చూడండి. ప్రతి దిక్కూ పక్కదానితో 90 డిగ్రీలు చేస్తుంది. మడి మీద తేలిన నలక మూల ఇక్కడిదే. ఒక సోడియం, పక్కన క్లోరైడ్, దాని పక్కన మళ్ళీ సోడియం. ఆ వరస అన్ని వైపులకూ అలా సాగిపోయి, సాగిపోయి, చివరికి మన కంటికి అందే అంచుగా వచ్చి ఆగింది.

ఎంత దూరం సాగిందో లెక్క వేయవచ్చు. ఒక సోడియం అయాన్ నడిమి నుంచి పక్కనున్న క్లోరైడ్ నడిమికి 0.282 నానోమీటర్లు. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. మెత్తటి ఉప్పు పలుకు అంచు 0.3 మిల్లీమీటర్లు అనుకుందాం. ఆ ఒక్క అంచు వెంట వరసగా నిలబడిన అయాన్లు దాదాపు 10 లక్షలు. పొడవున 10 లక్షలు, వెడల్పున 10 లక్షలు, ఎత్తున 10 లక్షలు. మొత్తం ఒకటి పక్కన 18 సున్నాలు. సెకనుకు ఒకటి చొప్పున లెక్కపెడితే 3,000 కోట్ల ఏళ్ళు దాటుతుంది. ఈ విశ్వం పుట్టి 1,380 కోట్ల ఏళ్ళే అయింది. ఆ 10 లక్షల వరసలో సోడియం పక్కన సోడియం రావడమన్నది దాదాపు జరగదు. అక్కడక్కడా ఒక ఖాళీ చోటు, ఒక చిన్న జారుడు ఉంటాయి. అయినా ఆ క్రమం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నిలుస్తుంది.

చాకు ఆనించి కొట్టినప్పుడు నున్నగా ఎందుకు చీలిందో కూడా ఇప్పుడు తెలిసిపోతుంది. దెబ్బకు ఒక పొర ఒక్క అయానంత పక్కకు జరిగిందనుకోండి. అప్పటిదాకా క్లోరైడ్ ఎదురుగా ఉన్న సోడియం ఇప్పుడు సోడియం ఎదుటికి వస్తుంది, క్లోరైడ్ ఎదుటికి క్లోరైడ్ వస్తుంది. ఒకే ఆవేశాలు ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. గల్లు ఆ గీత వెంట రెండుగా విడిపోతుంది. ఇనుప కడ్డీ దెబ్బకు వంగుతుంది, ఉప్పు వంగదు.

ఇదంతా ఊహ కాదని ఎలా తెలిసిందంటే, 1912లో జర్మనీలో మాక్స్ ఫాన్ లావె సలహాతో ఇద్దరు యువకులు స్ఫటికంలోంచి, అంటే ఇలా లోపల వరసగా పేర్చుకున్న ఘనపదార్థంలోంచి, ఎక్స్ కిరణాలు పంపితే ఫొటో పలక మీద చుక్కల ముగ్గు పడింది. ఆ ముగ్గును చదవడం నేర్పింది లారెన్స్ బ్రాగ్, ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పుట్టి అప్పుడు కేంబ్రిడ్జ్‌లో చదువుతున్న 22 ఏళ్ళ కుర్రాడు. స్ఫటికంలోని ఒక్కో పొర కిరణాన్ని కొద్దిగా వెనక్కి తిప్పుతుంది. కొన్ని కోణాల్లో మాత్రమే అన్ని పొరల నుంచి వచ్చిన అలలూ ఒకదానికొకటి కలిసి బలపడతాయి. ఆ కోణం కొలిస్తే పొరల మధ్య దూరం తెలుస్తుంది. ఈ ఆలోచన ఆయనకు నది పక్కన కాలేజీల వెనక పచ్చికలో నడుస్తుండగా తట్టిందట.

1913లో ఆయన ఉప్పును పట్టుకున్నాడు. ఇక్కడ ఆయన తెలివిగా ఉప్పు పక్కన దాని చుట్టాన్ని కూడా పెట్టుకున్నాడు. అది పొటాషియం క్లోరైడ్. పొటాషియం అయాన్‌లో 18 ఎలక్ట్రాన్లు, క్లోరైడ్‌లోనూ 18. ఎక్స్ కిరణాలు చెదిరేది ఎలక్ట్రాన్ల మీదే కాబట్టి వాటికి ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే దాని చుక్కల ముగ్గు చాలా సులువుగా ఉంది, అంతా ఒకే రకం గుండ్లు పేర్చినట్టు. ఉప్పులో సోడియం అయాన్‌కు 10 ఎలక్ట్రాన్లే. అక్కడ తేడా బయటపడి ముగ్గు క్లిష్టమైంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, ఎవరి పక్కన ఎవరున్నారో ఆయన విప్పి చెప్పాడు. 1915లో తండ్రి విలియం బ్రాగ్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు, అప్పటికి ఆయనకు 25 ఏళ్ళు. ఆ వార్త చేరినప్పుడు ఆయన యుద్ధభూమి దగ్గర శత్రు ఫిరంగుల చోటును వాటి చప్పుడుతో కనిపెట్టే పనిలో ఉన్నాడు. ఆ ఏడాదే తమ్ముడు గల్లిపోలీ పోరులో చనిపోయాడు.

బ్రాగ్ చెప్పిన దాంట్లో ఒక మాట అప్పటి పెద్దలకు మింగుడుపడలేదు. ఉప్పులో అణువు లేదు! ఈ సోడియం ఈ క్లోరైడ్‌కే చెందుతుందని చెప్పడానికి వీల్లేదు, ఆరుగురు పొరుగువాళ్ళూ సమానమే. పెద్ద రసాయన శాస్త్రవేత్త హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1927లో, దాదాపు 80 ఏళ్ళ వయసులో, నేచర్ పత్రికకు కోపంగా ఉత్తరం రాశాడు. ఉప్పును చదరంగం బల్లగా మార్చేశారని, ఇది రసాయన శాస్త్రమే కాదని మండిపడ్డాడు. ఆయన కోపం నాకు అర్థమవుతుంది. జీవితమంతా ప్రతి పదార్థానికీ ఒక అణువుంటుందని నమ్మి, నేర్పించిన మనిషి. కానీ ఉప్పు ఆయన మాట వినలేదు. ఇప్పటికీ చాలామంది పిల్లలు ఉప్పు అణువు అని రాస్తారు, కొన్నిసార్లు పెద్దలూ అంటారు. సోడియం క్లోరైడ్ అనే పేరు చెప్పేది ఒక్కటే: ఒకరికి ఒకరు చొప్పున ఉన్నారని.

అణువంటే ఏమిటో చూడాలంటే ఉప్పు డబ్బా పక్కనున్న చక్కెర డబ్బా తెరవండి. చక్కెర అణువులో 12 కార్బన్, 22 హైడ్రోజన్, 11 ఆక్సిజన్ పరమాణువులు, మొత్తం 45, ఎలక్ట్రాన్లను పంచుకుని గట్టిగా ముడిపడి ఉంటాయి. ఈ 45 ఒక కుటుంబం. పక్క అణువుతో వీటికి ఉన్నది మెత్తని పరిచయమే. అందుకే చక్కెర బాణలిలో తేలిగ్గా కరిగి, ఎర్రబడి, మాడుతుంది. ఉప్పు కరగాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. ప్రతి అయానూ ఆరువైపులా పట్టుకుని ఉంది మరి.

నీళ్ళలో ఈ తేడా ఇంకా అందంగా కనిపిస్తుంది. నీటి అణువులో ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు. అది సూటిగా ఉండదు, 104.5 డిగ్రీల దగ్గర వంగి ఉంటుంది. ఆక్సిజన్ వైపు కొంచెం రుణం, హైడ్రోజన్ల వైపు కొంచెం ధనం. ఉప్పు పలుకు నీళ్ళలో పడగానే నీటి అణువులు మూలల దగ్గర, అంచుల దగ్గర మొదలుపెడతాయి. అక్కడి అయాన్‌కు పొరుగువాళ్ళు తక్కువ, పట్టు తక్కువ. సోడియంను చేరేటప్పుడు ఆక్సిజన్ వైపు తిప్పుకుని వస్తాయి, క్లోరైడ్‌ను చేరేటప్పుడు హైడ్రోజన్ వైపు తిప్పుకుంటాయి. చుట్టూ మూగి ఒక్కొక్క అయాన్‌నే విడదీసి తీసుకుపోతాయి. చక్కెర అణువులనూ నీరు ఇలాగే మోసుకెళ్తుంది, కానీ ఆ 45 పరమాణువుల కుటుంబాన్ని విడదీయదు. అందుకే ఉప్పునీటిలో ఆవేశమున్న అయాన్లు తిరుగుతాయి, విద్యుత్తు ప్రవహిస్తుంది. చక్కెర నీటిలో ప్రవహించదు. ఒక టార్చి సెల్లు జత, చిన్న ఎల్‌ఈడీ బల్బుతో బడిలో చేసి చూపించవచ్చు. ఇంటి కరెంటుతో మాత్రం ఎన్నడూ చేయకూడదు. మీరు ఈ వాక్యం చదువుతున్నప్పుడు మీ నరాల వెంట కబురు మోస్తున్నవాళ్ళలో సోడియం అయాన్లూ ఉన్నాయి. నరకణం గోడలో తలుపులు తెరుచుకోగానే అవి లోపలికి ఉరుకుతాయి, కబురు ముందుకు సాగుతుంది.

మన ఇళ్ళలో ఉప్పు దిష్టి తీసి నిప్పుల్లో వేయడం మీలో చాలామంది చూసే ఉంటారు. అది చిటపటలాడుతుంది. దానికీ మడి మీది ఆ మెట్ల నలకకూ చుట్టరికం ఉంది. స్ఫటికం తొందరగా పెరిగేటప్పుడు దాని గుంటల్లో ఉప్పునీటి చుక్కలు చిక్కుకుపోతాయి, పై పొరలు వాటిని మూసేస్తాయి. కల్లుప్పు గల్లు తెల్లగా మసకబారి ఉంటే అలాంటి చుక్కలు దాని కడుపులో ఉన్నట్టే. నిప్పుల వేడికి ఆ నీరు ఆవిరై, గోడలను బద్దలుకొట్టి బయటికి వస్తుంది. నౌపడ మడిలో ఏ ఎండాకాలమో చిక్కుకున్న సముద్రం పొయ్యిలో పగిలిన చప్పుడది. అప్పుడే మంటలో పసుపు రంగు కూడా మెరుస్తుంది. వేడెక్కిన సోడియంలో ఎలక్ట్రాన్ పైకెగిరి మళ్ళీ కిందకు దిగేటప్పుడు విడిచే వెలుగు ఎప్పుడూ ఆ రంగులోనే ఉంటుంది. పప్పుచారు పొంగి గ్యాస్ మంట మీద పడితే నీలిమంట పసుపెక్కేది దానివల్లే. రోడ్ల మీద పాత సోడియం దీపాల వెలుగూ అదే.

ఘనం అందాన్ని లెక్కలతో చదివినవాళ్ళలో మన తెలుగువాడు ఒకాయన ఉన్నాడు. 1909లో పుట్టిన సూరి భగవంతం. ఘనాన్ని దాని రూపు చెదరకుండా తిప్పగల తీరులు 24, అద్దంలో ప్రతిబింబాలనూ కలుపుకుంటే 48. ఇలాంటి సౌష్ఠవం నుంచి ఒక స్ఫటికం ఎలా కంపిస్తుందో, వెలుగును ఎలా చెదరగొడుతుందో ముందే చెప్పవచ్చు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న రోజుల్లో ఆయన, వెంకటరాయుడు కలిసి ఈ గణితం మీద రాసిన పుస్తకం 1948లో వచ్చింది. దేశదేశాల విద్యార్థులు దాన్ని చదివారు. మన విశాఖ తీరాన కూర్చుని రాసిన పుస్తకమని తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

ఇక మీ వంతు. గోరువెచ్చని నీళ్ళలో ఇక కరగనంతవరకు ఉప్పు కలపండి. 100 గ్రాముల నీళ్ళకు దాదాపు 36 గ్రాములు పడుతుంది. నీళ్ళు సలసల కాగినా ఇంకో 3 గ్రాములకు మించి పట్టదు, అదీ ఉప్పు గుణమే. వడగట్టి, వెడల్పాటి పళ్ళెంలో పోసి, పల్చటి గుడ్డ కప్పి, కదలకుండా నీడన వదిలేయండి. వానాకాలంలో చేయకండి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పే గాలి నుంచి నీరు పీల్చుకుంటుంది, మెగ్నీషియం లవణాలు కలిసిన ఉప్పు ఇంకా ముందే చెమ్మగిల్లుతుంది. ఎంత నిదానంగా ఆరితే ఘనాలు అంత నిర్మలంగా వస్తాయి. ఒక ముఖం రోజుకు ఒక మిల్లీమీటరు మందం పెరిగితే, అక్కడ సెకనుకు 40 పొరల చొప్పున అయాన్లు వచ్చి తమ తమ చోట్లలో కూర్చుంటున్నాయన్నమాట.

పక్కనే ఇంకో గిన్నెలో పటికతోనూ చేయండి. దానికి ఎనిమిది ముఖాలొస్తాయి, అన్నీ త్రిభుజాలే. పటిక లోపలి అమరిక కూడా ఘనం కుటుంబానిదే, మరి బయటికి ఈ రూపమేమిటి? స్ఫటికం పెరిగేటప్పుడు త్వరగా పెరిగే ముఖాలు కుంచించుకుపోయి మాయమవుతాయి, నిదానంగా పెరిగేవే చివరికి మిగులుతాయి. ఉప్పులో ఘనం ముఖాలు నిదానం, పటికలో త్రిభుజాలు నిదానం. ఉప్పునీటిలో యూరియా బాగా కలిపితే ఉప్పు కూడా ఎనిమిది ముఖాలతో పెరుగుతుంది. ఈ సంగతిని ఫ్రాన్స్‌లో రోమె ద లీల్ 1783లోనే గమనించాడు. యూరియా కలిపిన గిన్నెకు చీటీ అంటించి వంటింటికి దూరంగా పెట్టండి, అందులోది నోట్లో పెట్టుకోకూడదు. మూడు గిన్నెల్లోని స్ఫటికాలూ ఆరాక నల్లటి కాగితం మీద పరిచి, వాటి ముఖాలు లెక్కపెట్టండి.